రెండు నలభై

బుడ్డల చేను తవ్వేది పందులా ఇంకేమైనానా
తేల్చుకుందామని
కానుగ మొద్దుకు కెమెరా కట్టినాం.
తెల్లారి చిప్పు తీసి ఫోన్లో పెడితే
రెండు వందల పద్నాలుగు బొమ్మలు.

సగానికి పైగా ఉత్త గాలి, ఊగిన జొన్నకర్ర.
ఒక కుందేలు, చెవులు మాత్రమే.
ముండ్లు నిక్కించుకొని ఏదుపంది.
ఒంటిగంట పదికి
కుందుర్పి గుట్ట దిగొచ్చిన ఎలుగొడ్డు
తొట్లో నీళ్లు తాగి
మా గోడకు వీపు రుద్దుకొని పోయింది.
ఆ గోడకు ఇవతలే మా మంచం.
"దానికీ ఉక్కే కదప్పా" అనింది తిప్పక్క.

రెండు నలభైకి ఇంకోటి.
వంగిన నడుము, వీపున గోనెపట్ట,
నుదుట ఒక్కటే కన్ను, తెల్లగా మండుతా.
ఇదేం జంతువబ్బా అని
వేళ్లతో సాగదీసి చూస్తి.

నేనే.
త్రీఫేజు కరెంటు వచ్చిందని
తలకు లైటు కట్టుకొని
మోటారెయ్యను పోతాండా.
ఎలుగు అడుగు ఇంకా తడారలేదు,
దాని మీదే నా చెప్పు.

తిప్పక్క ఫోను లాక్కొని చానాసేపు చూసింది.
ఎలుగును ఉంచమనింది.
"నీది తీసెయ్.
ఇంత బక్కగైనావని
ఎవురూ చూడగూడదు."