ఐదేసి

హాన్‌కాక్ వంతెన మీద మంచు తోసే బండి
ఆరింటికే ఒక చుట్టు చుట్టి వెళ్లింది.
షట్టర్ ఎత్తి, హీటర్ వేసి,
నిన్న సాయంత్రం దిగిన అట్టపెట్టె విప్పాను.
సీసా నిండా తెల్లటి గుండ్రటి బిళ్లలు,
ఇంకా పేరు పెట్టని పిల్లల్లా.

నిన్నటిదాకా ఈ మందు నీలం.
కోలగా, నున్నగా, నడుమ గాటు లేకుండా.
విరవకూడదనే అలా చేశారు వాళ్లు
అనేది ఇర్యా లాహ్తి.
అయినా విరిచేది.
వంటగది బల్ల మీద నల్లగుడ్డ పరిచి,
రొట్టె కోసే కత్తితో,
మొగుడికి ఇవాళ ఒక సగం, రేపు ఒక సగం.
కత్తి జారితే పొడి.
ఆ పొడిని తడివేలితో అద్ది
ఆ వేలు అతని నాలుక మీద పెట్టేదట.

వైనో గనిలో పనిచేసినవాడు.
రాగి గిట్టుబాటు కాక గని మూసేశారు.
దుమ్మును మాత్రం అతని ఊపిరితిత్తులకు వదిలేశారు.

ఇరవయ్యేళ్లన్నారు మొదట.
ఇరవై నిండే ఏడు పైపూత మార్చారు,
పూతకో హక్కు.
రెండుపూటల బిళ్లని ఒక్కపూటది చేశారు,
తగ్గిన ఆ పూటకి ఇంకో హక్కు.
తర్వాత కోర్టు. వాయిదా మీద వాయిదా.
పేపర్లో పడ్డదల్లా చదివి వినిపించేవాణ్ణి.
కౌంటర్ మీద మోచేతులు ఆనించి,
ఉన్ని తొడుగులు తీయకుండానే వినేది.
"అయితే ఎప్పటికి?"
"వసంతానికి."
ఎన్ని వసంతాలు చెప్పానో
రాసిపెట్టుకోలేదు.

మందుకు గడువు తీరితే పారబోస్తాం.
మనిషికి తీరితే లూథరన్ చర్చిలో గంట కొడతారు.
హక్కు కాగితానికి తీరితే ఏం చేస్తారో
ఇవాళ తెలిసింది నాకు.
ఏమీ చేయరు.
కంప్యూటర్లో ఒక అంకె మారుతుంది.
నిన్న నాలుగువందల పన్నెండు డాలర్లు,
ఇవాళ మూడువందల నలభై.

అంతేనా అన్నాను ఫోన్లో.
మొదటి ఆర్నెల్లూ ఒక్క కంపెనీదే బేరం,
తర్వాత నలుగురూ దిగుతారు,
అప్పుడు చూడు, వేరుశనగల రేటుకి వస్తుంది
అని నవ్వాడు టోకు ఏజెంటు.
మంచివాడే. అతని తల్లికీ ఇదే మందు.

పదింటికి ఇర్యా వచ్చింది,
బూట్లు దులుపుకుని, దగ్గుబిళ్లల పొట్లం తీసుకుని.
"ఎంత?"
రెండు ఎనభై అన్నాను.
"దాని సంగతి కాదు."

వైనో పోయాడు నవంబరులో.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
చెప్పాను. మూడువందల నలభై.
తల ఊపింది, ఎవరిదో పిల్లకి
పెళ్లి కుదిరిందని విన్నట్టు.

"ఒకటి చూపిస్తావా?"

సీసా మూతలో ఒక బిళ్ల వేసి ముందుకు జరిపాను.
ఎన్నేళ్లకో తొడుగు తీసింది.
చూపుడువేలి కొస మీద తెల్లటి పాత గాటు.
బిళ్లని తిప్పి చూసింది.
నడుమ సన్నటి గీత ఉంది.
గోరు పెట్టి, ఆ గీత వెంట
ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నడిపింది.

"ఇది చేత్తోనే విరుగుతుంది" అంది.

విరవలేదు.
దగ్గుబిళ్లలకి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి
మంచులోకి వెళ్లిపోయింది.

క్యాల్యుమెట్ నుంచి ఎవరో ఫోన్ చేశారు, ముప్పై బిళ్లలు కావాలని.
పళ్లెంలో పోసి, గరిటెతో జరుపుతూ
ఐదు, పది, పదిహేను,
తప్పాను. మళ్లీ మొదలుపెట్టాను.

చేయి తగిలిన బిళ్ల తిరిగి సీసాలో వేయకూడదు.
పారేయాలి, అది నియమం.
మూతలోనే ఉంది.
సాయంత్రం పారేస్తాను.