ఉడత ముద్ర

చీటీ పాడితే చేతికొచ్చింది ముప్ఫై ఎనిమిది వేలు.
ఫ్రిజ్జు కొనుక్కోమంది మా ఆడపడుచు.
నేను, రాత్రి లాకు గదిలో, దోమలబత్తి పొగలో,
సెల్లు తెర పైకి తోస్తూ తోస్తూ
ఒక గడియారం దగ్గర ఆగిపోయాను.

'పాతకాలపు బంగారు చేతి గడియారం. నడుస్తుంది.
వెనక్కి తీసుకోబడదు.'
అంతే రాశాడు అమ్మేవాడు. ఊరి పేరు కూడా లేదు.
ఫోటోలో దాని కింద పరిచిన తువ్వాలు మాత్రం
మా దండెం మీద ఆరేదానిలాగే ఉంది.

కాలవ కట్టేసిన వారంలో వచ్చింది పార్సిలు.
అడుగున బురద, బురదలో సీసాలు,
ఎవరిదో ఒంటి చెప్పు.
గేజీ రాయి మీద నీళ్ళు లేవు,
రిజిస్టరులో రాయడానికి సున్నా తప్ప ఏమీ లేదు.
మగాళ్ళ గడియారం.
నా మణికట్టు మీద పల్లెంలా కూచుంది.

పాలకొల్లు బస్టాండు వెనక సందులో
మస్తాన్‌వలీ గారి కొట్టు.
కొట్టంటే ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె.
కంటికి భూతద్దం బిగించి, వెనక మూత విప్పి
చాలాసేపు మాట్లాడలేదు.
టీ వచ్చింది, మీగడ కట్టింది.

"ఇదిగో, ఉడత."

నాకూ చూపించాడు. మూత లోపల
నువ్వుగింజలో సగం ఉంటుంది,
తోకెత్తుకుని కూచున్న ఉడత.
"స్విస్సువాళ్ళ ముద్రమ్మా. ఇరవై నాలుగు పాళ్ళలో
పద్నాలుగు బంగారం. మిగతా పదీ వేరే లోహం."
ఉడతాభక్తి బంగారమన్నమాట, అన్నాను.
ఆయన నవ్వలేదు.

ముద్ర పక్కన సూదిమొనతో గీసిన గీతలున్నాయి,
బాగుచేసిన ప్రతివాడూ పెట్టుకున్న గుర్తులు.
ఐదు చేతులు. ఒకటి వణికిన చెయ్యి.

"ఒక్క మాట. ఒళ్ళు ఒకదానిది, యంత్రం ఇంకోదానిది,
డయలు మూడోదానిది, దానికి మళ్ళీ రంగేశారు.
ముళ్ళు ఎక్కడివో అల్లాకే తెలియాలి.
ఇలా అతికించినదాన్ని మా పనిలో పెళ్ళి అంటారు.
పెళ్ళయిన గడియారానికి సగం ధర కూడా రాదమ్మా."

ఈసారి నేను నవ్వాను, ఆయన కంగారుపడేంత.
ఎలా చెప్పను?
లస్కరు ఉద్యోగం నాది కాదు, మా ఆయనది.
సైకిలు ఆయనది, టార్చి ఆయనది,
ఖాకీ చొక్కా చేతులు కత్తిరించి కుట్టుకున్నాను.
రిజిస్టరు మొదటి సగం ఆయన దస్తూరీ,
గేజీ అంకెలు గుండ్రంగా, కోడిగుడ్లలా.

కొమ్మోజు సూర్యబ్రహ్మం యంత్రం చూడలేదు.
గీటురాయి మీద ఒక గీత గీశాడు,
ఆసిడ్ చుక్క వేశాడు,
గీత పలచబడింది గానీ పోలేదు.
డబ్బా వేరు చేసి తూచాడు. ఆరు గ్రాములు.
"కరిగించేస్తాను. నువ్వు పెట్టినదానికి
పైన నాలుగు వేలు చూసుకో.
లోపలి సామాను నీదే, పిల్లలకివ్వు."

నడిస్తే సగం ధర. చస్తే లాభం.
సందులో నిలబడి రెండు ధరల్నీ
రెండు చేతుల్లో పట్టుకున్నట్టు నిలబడ్డాను.
ఎవరో స్కూటరు హారను కొట్టాడు.

మళ్ళీ మస్తాన్‌వలీ దగ్గరికే వెళ్ళాను.
నూనె వేశాడు, ఆరువందలు తీసుకున్నాడు,
ఆరో గీత గీశాడు.
"రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది.
దాన్ని తిట్టకు, దాని వయసు చూడు."

లాకు తలుపు చక్రానికి పళ్ళు నూట నాలుగు.
ఒక వానాకాలం ఏమీ తోచక లెక్కపెట్టాను.
దీనికెన్నో అడగడం మర్చిపోయాను.

జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలారు.
ముందు చప్పుడు రాదు, వాసనొస్తుంది.
తర్వాత నురుగు, నురుగు మీద కొబ్బరి మట్టలు,
ఆ ఒంటి చెప్పు లేచి తేలుతూ,
ఇక అప్పుడు నీళ్ళు.

ఏఈ గారు ఫోను. "ఎన్నింటికి చేరింది?"
సెల్లులో తొమ్మిదీ పద్నాలుగు.
మణికట్టు చూసి తొమ్మిదీ పది అన్నాను.
అదే రాశాను, ఆయన గుండ్రటి అంకెల కింద
నా కోణాల అంకెల్లో.
గేజీ దగ్గర నీళ్ళు
ఆ నాలుగు నిమిషాల గురించి ఏమీ అనలేదు.

ఫ్రిజ్జు ఏమయిందని ఆడపడుచు ఇంకా అడగలేదు.
అడిగితే
టైమెంతయిందో చెబుతాను.