వాగు పోరంబోకు

నీళ్లు తీసిన నాలుగో వారం
గొలుసూ టేపూ పాత పటం నకలూ పట్టుకుని
సింగ్‌నగర్‌లో వాగు అంచు వెతకడానికి వెళ్లాను.
నీలిసిరా వెలిసి ఊదారంగైన చోట
ఎవరో చీమల్లాంటి అక్షరాలతో రాశారు:
వాగు పోరంబోకు.
అదే చోట ఇప్పుడు రెండంతస్తుల మేడ,
కింద సెల్‌ఫోన్ల కొట్టు,
గోడ మీద నా ఛాతీ ఎత్తున బురదగీత.

వాళ్లు గొలుసేసి కొలిచారు.
నీళ్లు ఏ గొలుసూ లేకుండా కొలుచుకుపోయాయి.
అడుగు తేడా లేదు.

"ఏం పోగొట్టుకున్నావయ్యా?" అంది సామ్రాజ్యం,
ముక్కిన మినప్పప్పు ఎండలో ఆరబోస్తూ.
బుడమేరు, అన్నాను.
"దాన్ని నువ్వు వెతికేదేంటి!
అదే వచ్చి ఇంటింటినీ పేరు పెట్టి పిలిచిపోతేనూ."
మూడో మెట్టు మీద కొరమేను దొరికిందట, బతికే.
"కొయ్యబుద్ధి కాలేదు.
దానింటికి అదొచ్చినట్టుంది,
మేమే చుట్టాల్లా మంచం మీద ముడుచుక్కూర్చున్నాం."

ఏసోబు లస్కరు పని మానేసి పదహారేళ్లు.
లాకు తలుపులెత్తీ ఎత్తీ
కుడిభుజం కాస్త కిందికి జారింది.
పటం చూపిస్తే చూడడు.
సందు చివర, ట్రాన్స్‌ఫార్మర్ వెనక
చెవొగ్గి నిలబడ్డాడు.
కప్పలు.
"ఇక్కడ మడుగుండేది.
నీ కాయితం సరే,
వీటికెవరు చెప్పారంటావ్?"
మురుక్కాలవలో జమ్ము మొలిచింది.
కొట్టుకొచ్చిన థర్మోకోల్ మూత మీద
నీటికోడి ఒకటి పుల్లలు పేరుస్తోంది,
కొల్లేరు ఇంకా ఇక్కడిదాకా ఉందనుకుని.

నంబరు వెంట నంబరు దిగుతూ పోతే
నూట ఇరవై గజాల దగ్గర గొలుసు ఆగింది.
మాదే.
ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు లేతు తిప్పి
చీటీ పాడి కొన్నాడు మా నాన్న.
అమ్మినవాడు మంచివాడు, మెరక తోలించే ఇచ్చాడు:
కొండపల్లి వైపు నుంచి ఎర్రమట్టి, తొంభై లారీలు.
ఆ మట్టితో ఏ పొణికి చెట్టు వేళ్లు వచ్చాయో,
ఏ బొమ్మ కావాల్సిన కొమ్మ
మా వంటింటి కింద చివికిందో.
కొండని తెచ్చి వాగు నోట్లో కుక్కి
పైన తులసికోట కట్టుకున్నాం.

ఫారంలో ఒక గడి ఉంది: ఆక్రమణదారు పేరు.
పెన్ను మూత తీశాను, పెట్టాను.
పై ఆఫీసు వాళ్లకి కావాల్సింది
గోడ ఎంతెత్తు కట్టాలన్న లెక్క.
ట్రాన్స్‌ఫార్మర్ వెనక జాగా దగ్గర మాత్రం
ఎర్రసిరాతో రాశాను:
ఇక్కడ మెరక తోలరాదు. మడుగు ఉంది.
"ఉండేది" అని రాయలేదు.
ఏసోబు చదివించుకుని విన్నాడు, ఏమీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న
బురదగీత మీద సున్నం వేస్తున్నాడు.
మూడు గోడలైపోయాయి.
నాలుగోది ఉండనీ, అన్నాను.
ఎందుకని అడుగుతాడనుకున్నా.
బ్రష్షు బకెట్లో పడేసి,
తడి చేత్తోనే గీత పొడుగునా
ఒకసారి తడిమి చూసుకున్నాడు,
లేతు మీంచి దిగిన ఇనుముని చూసుకున్నట్టు.