పక్క సీట్లో ఎవరో

తాళాలిస్తూ డీలర్
"అన్నీ మార్చేశారు విల్మా, పేరొక్కటే పాతది" అన్నాడు.
నిజమే.
ముక్కు ఎత్తయింది, కళ్ళు సన్నబడ్డాయి,
ఎవరిమీదో కోపం దాచుకున్న మొహం.
ఆరువేల కిలోమీటర్లు తిరిగాం ఇద్దరం.
ఆ కోపం ఎవరిమీదో
నాకింకా చెప్పలేదు.

మంచి ముందు చెప్పుకోవాలి కదా.
టాస్మేనియా పడమటి గాలికి వేళ్ళు కొయ్యబారిన పొద్దున
మీట నొక్కీ నొక్కకముందే వెచ్చబడుతుంది.
క్వీన్స్‌టౌన్ కొండ వంపుల్లో
ఈగల పెట్టెలు వెనకేసుకుని దిగుతుంటే
పాతదానిలా తోక ఝాడించదు,
నెలలు నిండిన మనిషిని మెట్లు దింపినట్టు
నెమ్మదిగా దింపుతుంది.
తాగుడు సగానికి తగ్గించింది.
మా తమ్ముడు డార్సీకి చూపించాలి.

ఇక మిగతా సంగతి.
తొట్టి నాలుగు వేళ్ళు పొట్టిదయింది.
పాతదాంట్లో మూడేసి చొప్పున నాలుగు వరసలు
కొలత తీసి కుట్టిన జాకెట్టులా పట్టేవి.
ఇప్పుడు చివరి వరస తలుపు పడనివ్వదు.
నాలుగే నాలుగు వేళ్ళు!
ఏ ఊళ్ళో, ఏ బల్ల ముందు కూర్చుని గీశాడో ఆ మహానుభావుడు,
కింద పెన్సిలు పడితే వంగి తీసుకునేటప్పుడు
తెగిపోయి ఉంటాయి నా నాలుగు వేళ్ళు.

తలుపు గడప కూడా పెంచారు.
మా కుక్క పిక్లెట్‌కి పదకొండేళ్ళు.
మొదటిరోజు అలవాటుగా దూకి, గడ్డం కొట్టుకుని
నేనే పెంచినట్టు నావంక చూసింది.
ఇప్పుడు ఎత్తి కూర్చోబెడుతున్నాను.
ఇద్దరం మూలుగుతాం.

తెర మాత్రం భోజనం పళ్ళెమంత.
తేనె అంటిన వేలికి పలకదు,
గ్లవుజు తొడిగిన వేలిని ఎరగనే ఎరగదు.
గీత దాటావని గంట కొడుతుంది,
గీతే లేని మట్టిరోడ్డు మీద.
పొద్దస్తమానం లక్ష ఈగల మధ్య నిలబడేదాన్ని,
ఈ ఒక్క చెవిలో జోరీగకి ఓడిపోయాను.

లెదర్‌వుడ్ పూత అయిపోవచ్చిన వారం,
అడ్డంగా తిప్పి, నిలువుగా తోసి
ఎలాగో పదకొండు పెట్టెలు సర్దాను.
పన్నెండోదాన్ని, మూతికి వల కట్టి
నా పక్క సీట్లో కూర్చోబెట్టాను.
బయల్దేరగానే గంట.
పక్కనున్నవారు బెల్టు పెట్టుకోలేదట.
ముప్ఫై కిలోల బరువు, కాస్త వెచ్చదనం:
మనిషనుకుంది పాపం.
నేనూ వాదించలేదు.
బెల్టు లాగి, పెట్టె నడుం చుట్టూ బిగించాను.
గంట ఊరుకుంది.

అప్పుడు వినిపించింది.
ఈ బండి ఇంజను ఎంత మెత్తనిదంటే
పెట్టెలో మోత, సన్నగా, ఒకే పట్టున,
వంపు తిరిగినప్పుడల్లా ఒక మెట్టు పైకి లేచి
మళ్ళీ సర్దుకుంటూ.
ఇరవైరెండేళ్ళు మోశాను వీటిని.
దారిలో అవేమనుకుంటాయో
పాతబండి ఒక్కసారీ విననివ్వలేదు.
దాన్ని తిట్టబుద్ధి కాలేదు. తిట్టాను.

డర్వెంట్ వంతెన దాటాక అదే ఎదురొచ్చింది,
నా పాతది.
సొట్ట అలాగే ఉంది.
కొన్న కుర్రాడు టౌ వాంగ్, హోబార్ట్ సంతకి కూరలు వేస్తాడు,
తొట్టి నిండా క్యాబేజీ, చివరి వరస దాకా,
తలుపు చక్కగా పడి ఉంది.
హారన్ కొట్టాడు.
నేనూ పలకరింపుగా లైట్లు ఆర్పి వెలిగించబోయాను,
కుడి కాడ ఎడమకి, ఎడమ కాడ కుడికి
మార్చారన్నది మర్చిపోయి.

చినుకు లేని ఎండలో
వైపర్లు రెండూ లేచి
అటూ ఇటూ చెయ్యూపాయి.
వెనక సీట్లో పిక్లెట్ మొరిగింది.
పక్క సీట్లోవారు
బెల్టు పెట్టుకుని, పాడుకుంటూ,
రోడ్డుకేసే చూస్తున్నారు.