భీమిలి దాకా రిహార్సలు

మూడు విమానాలు. ఇరవై మూడు గంటలు.
ముగ్గురు పిల్లలు. నాకు రెండే చేతులు.
ఎటు నుంచి లెక్కేసినా
ఒక చెయ్యి తక్కువే పడుతోంది.

కంచరపాలెం మెట్టు మీద, మా రెండు గదుల ఇంట్లో
టెంటు హౌసు ఎర్ర కుర్చీలు మూడు వరసలేశాను.
"బెల్టు" అంటే
చరిష్మ చున్నీ నడుముకి చుట్టుకుంది.
"బెల్టు" అంటే
యోగి కుర్చీ కింద దూరి, నేను సామాన్ని అన్నాడు.
నాలుగేళ్ళ గుంటడితో వాదనేటి?
సామాన్లు మాట్లాడవురా అన్నాను.
పదిహేను నిమిషాలు నోరెత్తలేదు.
ఆ కిటుకు కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

జలుబు మందు పట్టించు, మత్తుగా పడుకుంటాది అంది తోడికోడలు.
వీల్లేదంది కింద వాటా నర్సమ్మ:
విమానం దిగేటప్పుడు పాలు పట్టు,
గుటక పడితే చెవి నొప్పెట్టదు.
నర్సమ్మ మాటే ఖాయం చేశాను.

ఉగ్గుపొడి వేయించి విసిరాను.
వేడి నీళ్ళు అడిగితే ఇస్తారట,
ఏ భాషలో అడగాలో ఎవరూ చెప్పలేదు.
డైపర్లు గంటకొకటి చొప్పున పెట్టి, సగం తీసేసి,
అర్ధరాత్రి లేచి మళ్ళీ నాలుగు కుక్కాను.

ఉల్లిపాయల కాటా మీద పెట్టె ఎక్కించాడు కొట్టు సన్యాసినాయుడు.
కిలోన్నర ఎక్కువ.
విప్పితే, మాడుగుల హల్వా పక్కన
అల్లం దంచే రాయి!
"నాన్నకి అక్కడ ఉండదు కదా" అన్నాడు యోగి.
నాన్న ఓడలకి అతుకులేసే ఊరి చుట్టూ
అన్నీ కొండలేరా నాయనా.

ఆదివారం అసలు పరీక్ష.
రైల్వే స్టేషన్ దగ్గర తొమ్మిదొందల కే బస్సెక్కాం.
మద్దిలపాలెం ఢిల్లీ, రుషికొండ ఆమ్‌స్టర్‌డాం,
భీమిలి బెర్గెన్ అనుకోవాలని ఒప్పందం.
ఎక్కడికని కండక్టరు అడిగితే
"నార్వే" అన్నాడు యోగి.
ఆయన నవ్వలేదు.
"నార్వేకైనా చిల్లర తెచ్చుకోవాలమ్మా" అన్నాడు.

ఆమ్‌స్టర్‌డాం మలుపులో
నూకాలు నా ఒళ్ళంతా వాంతి చేసుకుంది.
(పాస్‌పోర్టులో నిహారిక.
తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి తీసిన ఆ ఫోటోలో
మాత్రం నూకాలే.)
దానికి రెండు జతల బట్టలు తెచ్చాను.
నాకు ఒక్కటీ లేదు.
సముద్రపు గాలికి నా కుర్తా ఆరింది గానీ,
విమానంలో కిటికీ తియ్యనివ్వరు కదా.
కాగితం మీద ఇంకో గీత.

తిరుగు బస్సులో
ఒకత్తె భుజం మీద, ఒకడు ఒళ్ళో,
మధ్యలో చంటిది ఏడుపు.
పక్కనున్న చేపల తట్ట ఆమె
"ఇలా తే" అంది. అడగలేదు, అందుకుంది.
"వాసనొస్తాది మరి" అంటూనే ఊపింది.
హనుమంతవాక దాకా
నా చెయ్యి నాకు తిరిగొచ్చింది.
ఏం చెయ్యాలో తోచక
కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను.

అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప.

నూకాలు పుట్టేసరికే ఆయన అక్కడున్నాడు.
పది నెలలుగా దానికి నాన్నంటే గాజు.
రాత్రి ఫోన్లో ముఖం కనపడగానే
వేలు ఆనించి పక్కకి తోసేస్తుంది,
తరవాత ఏ బొమ్మొస్తుందో అని.
ఆయన నవ్వుతాడు. కాసేపాగి
అక్కడ వానలంటాడు.

దీనికి రిహార్సలెలా?
దీపం తీసేశాక, దాని వేలు నా చెంపకి ఆనించాను.
తోసింది. తల అటు తిప్పాను,
మళ్ళీ ఇటు తిప్పాను.
తోసింది. మళ్ళీ నేనే వచ్చాను.
చీకట్లో కిలకిలమంది.
ఇరవైసార్లో ముప్ఫైసార్లో,
మెడ పట్టేసింది.

ఆయనకి రేపు చెప్పాలి,
అది ఎన్నిసార్లు తోసినా
మళ్ళీ ఇటే తిరగమని.