తాలు

మంచం తలాపున కుర్చీలో తీతు మామయ్య,
రిటైరైన లూథరన్ బడి పంతులు.
కాళ్ల దగ్గర నేల మీద తమ్ముడు ఫిలేమోను,
ఆటోనగర్‌లో వెల్డింగు పనికి సెలవు పెట్టి.
మధ్యలో అమ్మ.
ఏప్రిల్. గుంటూరుని పొయ్యి మీద పెట్టి
ఎవరో దించడం మర్చిపోయారు.

"పునాది రాయి పడకముందే
పేర్లు రాసేశాడు మామయ్యా" అంటాడు తమ్ముడు.
"తలుపుకి గడియ లోపలుంటుందిరా,
బద్దలు కొట్టుకుని రాడాయన."
"చచ్చినవాడు లేచి గడియ తీస్తాడా?"
"ముందే రాసేస్తే ఇంక నీకు
శుక్రవారం ఉపవాసమెందుకు?"
"ఉపవాసమూ రాసే ఉంది."
మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
ఆ తుడుచుకోవడం కూడా రాసే ఉందా అని
అడుగుదామనుకుని ఊరుకున్నాను.

దోర్కమ్మ పిన్ని వంటగదిలోంచి వచ్చి
తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ
ఎవరూ అడగనిది అడిగింది:
"మరి అక్కకి ఆయన పేరే గుర్తులేదు గదరా.
నలభై ఏళ్లు నమ్మి ఇప్పుడు మర్చిపోయింది.
ఉన్నట్టా, జారిపోయినట్టా?"

"పేరుంటే పోదు పిన్నీ" అన్నాడు తమ్ముడు.
పేరుందని మాత్రం అనలేదు.
"మతిపోయిన మనిషిని లెక్క అడుగుతాడా"
అన్నాడు మామయ్య.
"అంటే ఎంచుకోవడం మన చేతిలో లేదనేగా!"
మామయ్య నోరు తెరిచి మూశాడు.
ఇద్దరి దగ్గరా వాక్యాలున్నాయి.
ఇద్దరూ పేజీలు తిప్పారు, ఫ్యాన్ కూడా తిప్పింది.

ఏర్పరచుకున్నాడు.
తమ్ముడి నోట్లో ఎంత పెద్ద మాటో అది.
మా యార్డులో దాన్ని ఏరడం అంటారు.
రోజు కూలి.

అమ్మ చేతులు దుప్పటి మీద పని చేస్తున్నాయి.
ముప్పై మూడేళ్లు మిర్చి ఏరిన చేతులు.
ఎర్రకాయ కుడికి, తాలు ఎడమకి.
దుప్పటి మీద కాయల్లేవు,
వేళ్లు తప్పడం లేదు.
నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అంటుంది.
తన పేరు అడిగితే నవ్వుతుంది.

చిన్నప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టి
నన్ను కుప్ప పక్కనే పడుకోబెట్టేది.
తాలు ఎందుకు తెల్లబడుద్దే అని అడిగాను ఓసారి.
"పడకూడనప్పుడు వాన పడితే.
కల్లంలో ఎవరూ తిరగెయ్యకపోతే.
కాయ తప్పేముందే" అంది,
అంటూనే ఎడమకి విసిరింది.
సాయంత్రం తాలుకీ బేరగాడు వచ్చేవాడు.
తక్కువ రేటే. కాటా మాత్రం అదే కాటా.
నేల ఊడ్చిన గింజలతో సహా
ఆ షెడ్డులో పారేసింది ఏదీ లేదు.
ఇది మామయ్యకీ చెప్పలేదు, తమ్ముడికీ చెప్పలేదు.
చెబితే ఎవరో ఒకరు
ప్రసంగంలో పెట్టేస్తారు.

రాత్రి వాళ్లు వెళ్లిపోయాక
అమ్మ ఇంకా ఏరుతూనే ఉంది.
ఆపితే ఏడుస్తుంది.
నా చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టాను,
కుప్పలో కాయలాగా.
భయమేసింది, అబద్ధమెందుకు.
వేళ్లొచ్చాయి. తడిమాయి.
ముచ్చిక పట్టినట్టు మణికట్టు పట్టుకుని
పైకెత్తి
ఆగాయి.
కుడికీ వెయ్యలేదు, ఎడమకీ వెయ్యలేదు.
అలాగే నిద్రపోయింది.

పట్టు నాదో తనదో చూద్దామని
నా వేళ్లు వదిలేశాను.
చెయ్యి జారలేదు.

తెల్లారుజామున కరెంటు పోయింది.
చెయ్యి తిమ్మిరెక్కి నాది కానట్టుంది.
ఆరింటికల్లా యార్డులో ఉండాలి,
కోల్డ్ స్టోరేజీ సరుకు దిగుద్ది,
మేస్త్రీ ఆలస్యానికి ఊరుకోడు.
ఒక్కో వేలూ విడదీసుకుంటే
వచ్చేస్తుంది.
ఇంకా విడదీసుకోలేదు.