పాల సీసా యాభై

చేవెళ్ల రోడ్డున మోదుగులు అప్పటికే రాలిపోతున్నాయి.
తొమ్మిదిన్నరకే కారు సీటు చురుక్కుమంది.
టికెట్టు కొంటే మణికట్టుకు నీలం పట్టీ వేశారు,
చంటిదానికి ఉచితం.

ఓజస్ కుందేళ్ల దగ్గర కూలబడి లేవనన్నాడు.
టర్కీకోడి మెడ సాచి ఒక్క అరుపు అరిచేసరికి
మా ఆయన నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.
అత్తమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ పక్కనే లేగదూడ.
"పాల సీసా యాభై. ఫొటో తీస్కోవచ్చు" అన్నాడు అంజిలయ్య.
వాడు రెండు చేతులా పట్టుకున్నాడు సీసాని.
అది కుమ్మి కుమ్మి తాగింది,
పొదుగనుకుని.
నురగంతా వాడి మోచేతుల మీద.

అప్పుడు, రేకుల అవతలి నుంచి
ఒక అంబా.
పొడుగ్గా సాగి, మధ్యలో విరిగి, మళ్లీ.

"అదెవరమ్మా?"
ఎవరం చెప్పలేదు.
నా కుర్తా తడిసింది.
చంటిది అత్తమ్మ భుజం మీద నిద్రలోనే ఉంది,
ఏడవలేదు, మెసల్లేదు.
అయినా వచ్చేశాయి పాలు,
నన్నే ఎవరో పిలిచినట్టు.

చున్నీ ముందుకు లాక్కున్నాను.
అత్తమ్మ చూసింది.
పిల్లను నా ఒళ్లో పెట్టి
గబగబా వెళ్లి అంజిలయ్యతో తగువేసుకుంది.
రొండిన సంచిలోంచి వంద నోటు కూడా తీసింది.
"పొద్దుమీకి ఇడుస్తమమ్మా. రోజూ ఇడుస్తం."
నోటు తీసుకోలేదతను.

తిరుగుదారిలో ముంజలు కొన్నాం, లేతవి.
అజీజ్‌నగర్ దాటాం. లంగర్‌హౌజ్‌లో ట్రాఫిక్ ఆగింది.
వేళ్లు నాక్కుంటూ ఓజస్ ఇంకా అడుగుతూనే ఉన్నాడు,
పొద్దుమీకి అంటే
ఎన్ని గంటలకి?